అగ్గిపుల్ల చేసే చాకిరీ

ఎండలు ముదురుతున్న రోజులు. జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు కంచె వెంబడి పొద్దున్నే నడుస్తున్నాను. రోడ్డు వారన ఒకామె రాలిన ఆకులన్నీ ఊడ్చి కుప్పపోసి అగ్గిపుల్ల గీసింది. పొగ లేచింది. నడకకు వచ్చిన ఒక పెద్దమనిషి ఆగి, సెల్‌ఫోన్‌తో ఆమె ఫోటో తీసి, ఫైన్ వేయిస్తానని కేకలేశాడు. చట్టప్రకారం ఆయన మాటలో తప్పేమీ లేదు. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించింది. తగలబెట్టినవాళ్లకు 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఆయన వెళ్లిపోయాక నేను ఆమె దగ్గర ఆగాను.

"బండి రాక మూడొద్దులాయెనమ్మా. కుప్ప గిట్లనే ఇడిస్తే గాలికి మల్ల రోడ్డంత పరుసుకుంటది. ఊడ్వలేదని నన్నే అంటరు. గిన్ని ఆకులు నేనొక్కదాన్ని యాడికని మొయ్యాలె?"

ఏ ఊరక్కా మీది అని అడిగాను. అచ్చంపేట దిక్కు, అడవి అంచున. చిన్నప్పుడు తల్లి వెంట ఇప్పపువ్వు ఏరడానికి పోయేదట. పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లట. "గప్పుడు జంగలోల్లు తిట్టిరి, గిప్పుడు గీ సార్లు తిడ్తున్రు" అని నవ్వి చీపురు అందుకుంది.

ఈ సంచికలో అడవి మంటల గురించి రాయాలని అప్పటికే అనుకున్నాం. అడవి తగలబడటానికీ స్త్రీల హక్కులకీ ఏం సంబంధమని మా సంపాదకవర్గంలోనే ఒకరు అడిగారు. సరైన జవాబు నాకు అప్పుడు తట్టలేదు. ఆ పొద్దున రోడ్డు మీద దొరికింది. ఎవరూ కూలి కట్టని పనిని అగ్గిపుల్ల చేసిపెడుతుంది. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లది. మన విధానాలన్నీ అగ్గిపుల్లనే చూస్తాయి, దాని వెనక ఉన్న చాకిరీని చూడవు. అందుకే అవి విఫలమవుతున్నాయని నా ఉద్దేశం.

ముందు మంటల లెక్క చూద్దాం. భారత అటవీ సర్వే సంస్థ 2024 డిసెంబరులో విడుదలైన నివేదికలో, 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా దేశంలోని అడవుల్లో ఉపగ్రహాలు గుర్తించిన మంటలు 2 లక్షల 3 వేల పైచిలుకని చెప్పింది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌వి 18 వేలకు పైన, తెలంగాణవి 13 వేలకు పైన. ఈ సంస్థ 2004 నుంచి ఉపగ్రహ సమాచారం ఆధారంగా రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతోంది. ఇప్పుడవి కింది స్థాయి సిబ్బంది ఫోన్లకే చేరుతున్నాయి. 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. అంతకు ముందే కేంద్రం అడవి మంటల నివారణకు ప్రత్యేక పథకం పెట్టింది. అంటే ఇరవై ఏళ్లుగా మంటని చూడటం బాగా నేర్చుకున్నాం. పటం మీద ఒక ఎర్ర చుక్క అంటే సుమారు 375 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న నేల. అక్కడ మంట ఉందని తెలుస్తుంది. ఎవరు, ఎందుకు, ఏ అవసరానికి వెలిగించారో ఏ ఉపగ్రహమూ చెప్పదు.

మన అడవుల మంటలు అమెజాన్ మంటల్లాంటివి కావు. అక్కడ పశువుల మేతకీ సోయా సాగుకీ అడవిని నరికి తగలబెట్టేవాళ్ల చేతుల్లో వేల ఎకరాలుంటాయి. ఇండోనేషియాలో 2015లో పీట్ నేలలు నెలల తరబడి కాలిన కథలో పామాయిల్, కాగితపు గుజ్జు కంపెనీల పాత్ర ఉంది. నల్లమల, గోదావరి లోయ, ఆదిలాబాద్ అడవులు చాలావరకు ఆకురాల్చే పొడి అడవులు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా మోకాలిలోతు ఎండుటాకు, పైన ఎండుగడ్డి. మంట చెట్ల కొమ్మలెక్కడం తక్కువ, నేల మీద పాకుతూ పోతుంది. మర్నాటికి నల్లటి బూడిద మిగులుతుంది. వానలు పడ్డాక పచ్చబడుతుంది కనుక నష్టమేమీ లేదనిపిస్తుంది. కానీ ఏటా అదే నేల కాలుతూ ఉంటే మొలకలు బతకవు. ఇప్ప చెట్టు విషయమే తీసుకోండి. ముసలి చెట్లున్నాయి, పిల్ల చెట్లు చాలా చోట్ల కనిపించవు. అమ్మమ్మ ఏరిన చెట్టు కిందే మనవరాలూ ఏరుతోంది. ఆ తర్వాతి పిల్లకి చెట్టెక్కడిది? ప్రపంచ బ్యాంకు, కేంద్ర పర్యావరణ శాఖ కలిసి 2018లో వేసిన లెక్కలో అడవి మంటల వల్ల దేశానికి ఏటా కనీసం 1,100 కోట్ల రూపాయల నష్టమన్నారు. అది తక్కువ అంచనాయేనని వాళ్లే ఒప్పుకున్నారు. గంపలో తగ్గిన ఇప్పపువ్వు, దొరకని చీపురు గడ్డి, మూడు మైళ్లు ఎక్కువ నడిచి తెచ్చుకునే కట్టెల మోపు అలాంటి లెక్కల్లోకి ఎట్లాగూ రావు.

ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రిపూట రాలుతుంది. కోడి కూయకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో బయలుదేరతారు. ఎండెక్కితే పువ్వు వాడుతుంది, జింకలూ పందులూ మిగల్చవు. చెట్టు కింద ఎండుటాకు పరుచుకుని ఉంటే అందులో పడ్డ పువ్వు ఏరడం నరకం. పాములూ తేళ్లూ ఉంటాయి. కాబట్టి నేల శుభ్రం చేయాలి. పరిశోధన పని మీద భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కోయ గూడేల్లో తిరిగినప్పుడు ఒక ఇంటి ఆడవాళ్లతో ఇదే మాట్లాడాను. చీపురుతో ఒక పెద్ద చెట్టు కింద ఊడ్చాలంటే ఒక సాయంత్రం పడుతుంది. ఇంటికి ఏడెనిమిది చెట్లు. నీళ్లు మోయాలి, వండాలి, పసిపిల్ల ఉంది. అగ్గిపెడితే అరగంట. గాలి లేని వేళ చూసి, చుట్టూ కొంత గీసి కాలిస్తే దాటదు. కానీ గీసే తీరిక అన్నిసార్లూ ఉండదు, గాలి చెప్పి రాదు. ఆ ఇంటి పెద్దావిడకి ఏ గాలికి ఏ వైపు నుంచి అంటించాలో తెలుసు. కోడలికి అంత తెలియదు. ఆ తెలిసిన సంగతిని ఏ అధికారీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే నేరం ఒప్పుకున్నట్టే కదా అని ఆమే అంది.

చెట్టు కింద పరిచే వలలు, పాత చీరలు, టార్పాలిన్లు మంట అక్కర్లేకుండా చేస్తాయి. ఇదేమీ పెద్ద శాస్త్రం కాదు. కొన్ని జిల్లాల్లో అధికారులు, సంస్థలు పంచినవి కూడా ఉన్నాయి. పంచిన ఏడాది ఫోటోలు పేపర్లలో పడతాయి. మరుసటి ఏడు చిరిగిన వల స్థానంలో కొత్తది ఎవరిస్తారన్నది ఏ పద్దులోనూ ఉండదు.

ఇక తునికాకు. దీని కథ మరింత ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ లాభం ఆడవాళ్లది కాదు. బీడీ ఆకు లేతగా, మెత్తగా రావాలంటే వేసవి మొదట్లో తునికి పొదల్ని కింది దాకా కొట్టాలి. దీన్నే కొమ్మకొట్టుడు అంటారు. దానికి కూలి ఇవ్వాలి. కూలి దండగ అనుకున్న చోట మంట పెడితే కూడా చిగురు వస్తుంది. ఖర్చు ఒక అగ్గిపుల్ల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 చట్టంతో బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. యూనిట్లుగా విడగొట్టి కాంట్రాక్టర్లకు అమ్ముతూ వచ్చారు. కాంట్రాక్టరుకి ఆ యూనిట్‌తో ఉన్న సంబంధం ఒక్క సీజను. అడవి పదేళ్ల తర్వాత ఎట్లా ఉంటుందో అతని లెక్క కాదు. ఆకు కోసేది, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో లెక్క ఒప్పజెప్పేది ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. కట్టలో ఆకు బాగాలేదని కల్లేదారు తీసి పక్కన పడేస్తే నష్టం ఆమెది. అదే ఆకు నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ఇళ్లలో మళ్లీ ఆడవాళ్ల చేతుల్లోకే బీడీలు చుట్టడానికి వస్తుంది. ఆకు వెంట మొదటి నుంచి చివరిదాకా నడిచేది స్త్రీయే. మంట పెట్టారన్న పేరు మాత్రం గూడెం మీద పడుతుంది. కాంట్రాక్టరు మనిషి అంటించాడా, గూడెం కుర్రాడు రెండొందలు తీసుకుని అంటించాడా అన్నది అడవిలో సాక్ష్యం లేని సంగతి.

చట్టం ఏమంటుంది? 1927 భారత అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. అంతటితో ఆగలేదు. కావాలనో, తీవ్రమైన నిర్లక్ష్యంతోనో మంట రేగిందని తేలితే, ఆ అడవిలో మేత హక్కునీ అటవీ ఉత్పత్తుల హక్కునీ ప్రభుత్వం కొంతకాలం నిలిపివేయవచ్చని కూడా రాసింది. మన రాష్ట్రాలకు 1967 నాటి సొంత అటవీ చట్టం ఉంది కానీ పుట్టింది అదే గర్భంలోంచి. ఒకరు అంటిస్తే ఊరందరికీ శిక్ష అన్న ఆలోచన ఇది. అలాంటిచోట మంట చూసిన మనిషి ఏం చేస్తుంది? అడవి కాలుతోందని చెప్పడానికి పరుగెత్తుతుందా, చూడనట్టు ఇంటికి పోతుందా? మొదట అనుమానించేది చెప్పడానికి వచ్చినవాళ్లనే అని మా పరిశోధనలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

బ్రిటిష్ అటవీ శాఖ 1860ల నుంచి మంటల్ని పూర్తిగా అరికట్టాలని చూసింది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి బర్మా టేకు అడవుల్లోనూ ఉత్తరాది సాల్ అడవుల్లోనూ కొత్త మొక్క రావడం లేదని వాళ్ల అధికారులే గొణగడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల చలికాలం చివర, మంట చిన్నగా ఉండే వేళ తామే కాల్చడం మొదలుపెట్టారు. అంటే గూడెం పెద్దావిడ చేస్తే నేరం, రేంజర్ చేయిస్తే శాస్త్రం. స్వాతంత్ర్యం తర్వాత ఈ తేడా చెరిగిపోలేదు.

1990ల్లో వచ్చిన వన సంరక్షణ సమితులు ఈ గోడ కూలుస్తాయని మాలో చాలామంది నమ్మాం. ప్రపంచ బ్యాంకు సాయంతో 1994లో ఆంధ్రప్రదేశ్ అటవీ ప్రాజెక్టు, 2002లో సామూహిక అటవీ యాజమాన్యం పేరుతో మరొకటి నడిచాయి. కమిటీల్లో స్త్రీలకు చోటు రాశారు. ఫైర్ లైన్లు గీయడానికి కూలి ఇచ్చారు. డబ్బు ఉన్నన్నాళ్లు మంట కనబడితే గూడెం కదిలింది. ప్రాజెక్టు అయిపోయాక రిజిస్టర్లు మిగిలాయి. ఈ కమిటీల్లో స్త్రీల పేర్లు సంతకాల దగ్గర ఉండేవి, నిర్ణయాల దగ్గర ఉండేవి కావు. నిజంగా ఉన్నప్పుడు తేడా వస్తుందనడానికి ఆధారం ఉంది. గుజరాత్, నేపాల్ గ్రామాల్ని పరిశీలించి బీనా అగర్వాల్ 2010లో వెలువరించిన పుస్తకంలో, కార్యవర్గాల్లో స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట అడవి పరిస్థితి మెరుగ్గా ఉందని చూపారు. ఆడవాళ్లు పుట్టుకతో ప్రకృతి ప్రేమికులు కనుక అని ఆమె చెప్పలేదు. అటువంటి మాటల్ని 1992లోనే ఆమె విమర్శించారు. రోజూ అడవికి పోయేవాళ్లకి అడవిలో ఏం జరుగుతోందో తెలుస్తుంది, నియమం పెట్టేటప్పుడు వాళ్లుంటే ఆ నియమం నిలబడుతుంది. అంతే.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకా దూరం పోయింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం, సామూహిక అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభకి ఇచ్చింది. భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా అంది. హక్కుల కమిటీలో మూడో వంతు స్త్రీలుండాలని నియమాలు చెప్పాయి. మన దగ్గర ఏం జరిగింది? ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కుల పత్రాలు చాలావరకు గ్రామసభలకు బదులు, అటవీ శాఖ నడిపే వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు. ఆ తర్వాత చర్చంతా వ్యక్తిగత పోడు పట్టాల చుట్టూ తిరిగింది. 2023 జూన్‌లో తెలంగాణలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. అవసరమైనదే, ఎన్నో ఏళ్ల పోరాట ఫలితం. కానీ ఇప్ప చెట్టు, తునికి పొద, మేత బీడు ఎవరి పట్టాలోనూ ఉండవు. మంట రేగేది సరిగ్గా అక్కడే. గోదావరి అవతల గడ్చిరోలి జిల్లాలో సామూహిక హక్కు పొందిన గ్రామసభలు 2013 ప్రాంతం నుంచి తునికాకు తామే అమ్ముకుంటున్నాయి. కొమ్మకొట్టుడా, మంటా అని నిర్ణయించేది అక్కడ ఒక్క సీజను మనిషి కాదు. ఆకు అమ్మిన సొమ్మూ కాలిన ఇప్పచెట్టు నష్టమూ ఒకే ఊరి పద్దులో పడతాయి. అక్కడా ఇబ్బందులున్నాయి, ఏ వేలంలోనైనా మోసాలుంటాయి. కానీ ఆ పద్దు మన రెండు రాష్ట్రాల్లో చాలా గూడేలకు దక్కలేదు.

మంటలన్నీ ఏరుకునేవాళ్ల వల్లే అనడం కూడా అన్యాయం. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది నల్లమల గుండా కాలినడకన శ్రీశైలం చేరతారు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర అమ్రాబాద్ అడవి నడిబొడ్డున, ఆకు బాగా ఎండిన రోజుల్లోనే. వంటల పొయ్యిలు, ఆర్పని బీడీలు. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు పులుల అడవిలోంచి పోతుంది. శనాదివారాల్లో ఆ రోడ్డు మీద కార్లు ఎక్కణ్ణించి వస్తాయో మనకి తెలుసు. అక్కడి చెంచు పెంటల్లో ఉండేవాళ్లని మాత్రం పులి కోసం, అడవి కోసం బయటికి పొమ్మంటారు.

మా ఫిల్మ్‌నగర్ గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ఈ కొండల మీద స్టూడియోలు అడవి కథల మీద బాగానే బతికాయి. పోడును కట్టడి చేసిన 1882 మద్రాసు అటవీ చట్టం 1922-24 మన్యం తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణం. ఆ కథ మీద 1974లో 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. అడవి మీద హక్కు కోసం పోరాడి 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చిన కుమ్రం భీం, అల్లూరి ఇద్దరినీ కలిపి 2022లో 'ఆర్ఆర్ఆర్' తీశారు. అందులో ఒకరు నిప్పు, ఒకరు నీరు. ఆడవాళ్లు ఎత్తుకుపోబడటానికో, ఎదురుచూడటానికో ఉంటారు. కృష్ణానగర్‌లో ఉండే ఒక జూనియర్ ఆర్టిస్ట్ నాతో చెప్పింది: అడవి సీన్ అంటే మొహానికి మసి పూస్తారట, నెత్తిన మోపు పెడతారట. తగలబడే గుడిసెల షాట్ తీస్తే పక్కనే ఫైరింజను, నీళ్ల ట్యాంకరు నిలబెడతారట. నిజం అడవిలో మంట ఆర్పేవాళ్ల చేతిలో తరచు ఒక పచ్చి కొమ్మే ఉంటుంది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా సినిమావాళ్లూ గొంతు కలిపారు, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అది మంచి పనే. కానీ కంపెనీ ఎదురుగా ఉన్నప్పుడు అడవిని ప్రేమించడం తేలిక. ఫైర్ వాచర్ కూలి నాలుగు నెలలుగా రాలేదంటే హ్యాష్‌ట్యాగ్ పుట్టదు.

అటవీ సిబ్బంది వైపు నుంచి కూడా చూడాలి. ఈ మధ్య నియామకాల్లో బీట్ ఆఫీసర్లుగా చాలామంది అమ్మాయిలు వచ్చారు. ఒక్కొక్కరి కింద వందల హెక్టార్లు, సొంత బండి, సొంత పెట్రోలు. 2019లో ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజ్ అధికారిణిని కర్రలతో కొట్టారు. 2022లో మంచిర్యాల జిల్లా కోయపోచగూడెంలో పోడు గొడవలో ఆదివాసీ స్త్రీలను జైలుకి పంపారు. విధానం రాసినవాళ్లు ఈ రెండు చోట్లా లేరు. కొట్లాడుకోవడానికి ఇద్దరు ఆడవాళ్లని ఎదురెదురుగా నిలబెట్టారు, అంతే. ఉత్తరాఖండ్‌లో 2024 వేసవి మంటల్లో అటవీ సిబ్బందిని ఎన్నికల పనికి ఎందుకు పంపారని సుప్రీంకోర్టు నిలదీయాల్సి వచ్చింది. ఆ జూన్‌లోనే బిన్సర్‌లో మంట ఆర్పబోయి కింది స్థాయి సిబ్బంది చనిపోయారు. వాళ్లకీ సరైన దుస్తులు లేవు.

బ్రెజిల్ 2024 జులైలో ఒక చట్టం చేసింది. నిప్పునంతా నిషేధించే బదులు, ఆదివాసులూ చిన్న రైతులూ సంప్రదాయంగా పెట్టే నిప్పుని గుర్తించి, ముందుగా, నియంత్రణతో కాల్చడాన్ని విధానంలో భాగం చేసింది. ఉత్తర ఆస్ట్రేలియాలో 2006 నుంచి ఆదివాసీ సమూహాలు ఎండలు ముదరకముందే చిన్న మంటలు పెట్టి పెద్ద మంటల్ని తగ్గించే పనికి డబ్బు అందుకుంటున్నాయి. పని పేరు అక్కడా ఇక్కడా ఒకటే. అక్కడ కూలి ఉంది. మన 2018 ప్రణాళికలోనూ ప్రజల భాగస్వామ్యం అన్న మాట ఉంది. భాగస్వామ్యం అంటే ఉచితంగా చేసే పని అని అర్థం చేసుకునే అలవాటు మనకి స్వయం సహాయక బృందాల కాలం నుంచీ ఉంది.

అచ్చంపేట, ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, శ్రీశైలం ప్రాంతాల్లో పనిచేస్తున్న మన పాఠకులకు ఒక విన్నపం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గ్రామసభలు జరిగినప్పుడు కొమ్మకొట్టుడు కూలి మీ యూనిట్‌లో ఎవరు, ఎంత, ఎప్పుడు ఇచ్చారో అడగండి. ఇవ్వని చోట ఆ మాట తీర్మానంగా రాయించండి. ఇప్ప చెట్ల కింద పరిచే వలల ఖర్చు ఉపాధి హామీలోనో, ఐటీడీఏ పద్దులోనో, గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లలోనో ఎక్కడ ఇమడ్చవచ్చో అధికారుల్ని నిలదీయండి. మంట ఎలా పెట్టాలో, ఎలా ఆపాలో తెలిసిన ముసలమ్మలతో మాట్లాడి రాసుకోండి. పేర్లు రాయకండి, కేసులవుతాయి. మీరు పంపినవి వచ్చే సంచికలో వేస్తాం. జూబ్లీహిల్స్ అక్క కూడా ఒకటి అడిగింది. ఆకులు మోయడానికి ఒక చేతిబండి ఇప్పించమంది. ఎవరికి అర్జీ రాయాలో ఇంకా తిరుగుతున్నాను.